ముక్కు హాజరు

మామయ్య పొద్దున లేవగానే మొహం కడుక్కునేవాడు కాదు. ముందు అలమరా పై అరలోంచి చిన్న రేకు డబ్బా దించేవాడు. అందులో ముందురోజు తను వేయించిన కాఫీ గింజలు గుప్పెడు ఉండేవి. మూత తీసి, కళ్ళు మూసుకుని, వేలితో ఒక ముక్కుపుటం నొక్కి రెండో దానితో పీల్చేవాడు. వేలు మార్చి ఇంకోసారి పీల్చేవాడు. కళ్ళు తెరిచి "ఉంది" అనేవాడు. డబ్బా మళ్ళీ పై అరకు చేరేది.

"నాన్నా, ముక్కు హాజరు అయిందా?" అని మంచం మీంచే అరిచేది వాళ్ళమ్మాయి. దానికి ఎనిమిదేళ్ళు. నోరు మూతపడదని ఇంట్లో అందరం దాన్ని వాగుడుకాయ అంటాం.

"అయింది. నువ్వు పోయి పళ్ళ హాజరు వేయించుకో."

నేను ఆయన అక్క కూతుర్ని. చదువు కోసం వచ్చి రెండేళ్ళుగా వాళ్ళింట్లోనే ఉంటున్నాను. రెండు గదులు, ఒక వంటిల్లు, రెండో అంతస్తు. ముందుగదిలో కిటికీ పక్కన అమ్మమ్మ మంచం, దాని కాళ్ళ దగ్గర అత్తయ్య కుట్టుమిషను.

మామయ్య పనిచేసేది కాఫీపొడి కొట్లో. ముందు వైపు బల్ల, త్రాసు. వెనక గదిలో గింజలు వేయించే ఇనుప డ్రమ్ము. ఇరవై మూడేళ్ళుగా ఆ వెనక గది ఆయనది. గోడలు, బల్బు, గడియారం అద్దం, అన్నీ పొగచూరి బెల్లం రంగుకు తిరిగాయి. ఆ వెలుతుర్లో గింజ రంగు చూసి ఏమీ తేల్చలేం. మామయ్య ముక్కుతో తేల్చేవాడు. పచ్చి గింజలు డ్రమ్ములో పడగానే తడిసిన గోనెసంచి వాసన వేస్తుందట. కాసేపటికి ఎండుగడ్డి. ఆ తర్వాత రొట్టె అంచు మాడినట్టు. అప్పుడు గింజలు చిటచిటమని పగలడం మొదలుపెడతాయి. అక్కణ్ణించి ఒక తీపి పొగ వస్తుంది. అది చేదుకు తిరగబోయే క్షణంలో డ్రమ్ము తలుపు తీసి గింజల్ని జల్లెడలోకి వదిలెయ్యాలి. ముందు తీస్తే పచ్చి, తర్వాత తీస్తే బొగ్గు.

"అప్పుడే తుమ్మొస్తే?" అని వాగుడుకాయ ఒకసారి అడిగింది.

"ఇరవై మూడేళ్ళలో ఒక్కసారే వచ్చింది. ఆపుకున్నా."

షావుకారు ఆయన్ని పేరు పెట్టి పిలవడు, "ముక్కుగారూ" అంటాడు. "మీకు జలుబు చేస్తే నేను కొట్టు మూసుకోవాలి," అని వానాకాలంలో గొడుగు కూడా కొనిచ్చాడు. మామయ్య ఏడో తరగతితో ఆపేశాడు. ఇంకో పని ఏదీ రాదు. ఆ సంగతి ఆయనే చెప్పుకునేవాడు, "నా చదువంతా ఇదిగో, ఇక్కడుంది," అని ముక్కు చివర వేలితో తట్టి.

ఆ ముక్కుకు ఇంట్లో ఒకే ఒక శత్రువు ఉండేది. అమ్మమ్మ మోకాళ్ళ నూనె. సీసా మూత తీస్తే పక్క వాటాలో వాళ్ళు కిటికీలు వేసుకోవాలి. రోజూ సాయంత్రం ఆ నూనె రాసేది మామయ్యే. రాస్తున్నంతసేపూ తిట్టేవాడు.

"ఏం కంపే అమ్మా ఇది. రేపు నా గింజలకు ఇదే అంటుకుంటుంది. కాఫీ తాగినవాళ్ళకు మోకాళ్ళు బాగవుతాయి."

"నీ ఉయ్యాల గుడ్డల కంపు మూడేళ్ళు పీల్చాను. ఒక్క మాటన్నానా?"

"మూడేళ్ళా? నేను ఏడాదికే మానేశానన్నావుగా."

"అది ఊళ్ళోవాళ్ళకు చెప్పింది."

తర్వాత చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కునేవాడు. తిట్లు పడకపోతే నూనె ఒంటికి పట్టదని అమ్మమ్మ అనేది.

జబ్బు సంగతి మొదట టీవీలో అంకెలుగా వచ్చింది. తర్వాత వీధిలోకి వచ్చింది. బళ్ళు మూశారు, బస్సులు ఆపారు. పొద్దున ఆరు నుంచి పది దాకా తిండి సరుకుల కొట్లు మాత్రం తెరవచ్చన్నారు. కాఫీపొడి తిండి సరుకేనా కాదా అని రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. చివరికి సరుకే అని తేలింది. షావుకారు కాగితం మీద ముద్ర వేయించి ఇచ్చాడు. మా మేడ మొత్తంలో రోజూ బయటికి వెళ్ళి వచ్చేది మామయ్య ఒక్కడే. ఎదురింటావిడ ఆయన మెట్లు దిగే చప్పుడు వినగానే తలుపు వేసుకునేది.

అత్తయ్య బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. బళ్ళు లేకపోయేసరికి తానులు మిగిలిపోయాయి. ఆ నీలం గుడ్డ మూడు పొరలు వేసి అందరికీ మాస్కులు కుట్టింది. మెట్ల దగ్గర సబ్బునీళ్ళ బకెట్టు పెట్టింది. మామయ్య చొక్కా అక్కడే విప్పి నానేసి, స్నానం చేసి, అప్పుడు లోపలికి రావాలి. పడక వంటింట్లో. అమ్మమ్మ మంచం చుట్టూ అత్తయ్య గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో ఒక గీత గీసింది.

"ఇది మీరు దాటకూడదు," అంది మామయ్యతో. "ఆవిడకు డెబ్బై నాలుగు. తగిలితే తట్టుకోలేరు."

"నేనేమన్నా తొక్కుడుబిళ్ళ ఆడాలా అమ్మాయ్?" అంది అమ్మమ్మ మంచం మీంచి.

నూనె రాసే పని నాకు వచ్చింది. నాకు చేతనయ్యేది కాదు. "నీది రాయడం కాదే, పుస్తకాల మీద దుమ్ము దులపడం," అనేది అమ్మమ్మ. మామయ్య వంటింటి గడప మీద కూర్చుని అక్కణ్ణించే తిట్టేవాడు. "మూత పెట్టవే తల్లీ, కళ్ళు మండిపోతున్నాయి." అమ్మమ్మ అక్కణ్ణించే జవాబు చెప్పేది. ఆ మూడు వారాల్లో తల్లీకొడుకుల మధ్య మిగిలింది ఆ తిట్లే.

మూడో వారంలో ఒక బుధవారం మామయ్య ఎప్పట్లాగే డబ్బా దించాడు, పీల్చాడు, "ఉంది" అన్నాడు. అది అబద్ధం. డబ్బాలోంచి ఆయనకు ఏమీ రాలేదు. చాలా రోజుల తర్వాత ఆయన నోటనే విన్నాను ఈ మాట. అప్పటికి జ్వరం, దగ్గు, ఆయాసం గురించే అందరూ చెప్పేవారు. ముక్కు సంగతి ఎవరూ అనలేదు. వయసు మీద పడి ముక్కు మొద్దుబారిపోయిందని, ఇక పని పోయినట్టేనని ఆయన అనుకున్నాడట. మొహం కడుక్కుని, మాస్కు పెట్టుకుని పనికి పోయాడు.

పదకొండు గంటలకు మామయ్య మెట్ల మీదికి రాకముందే మాడు కంపు పైకి వచ్చింది.

"ఏమైందండీ?" అంది అత్తయ్య గుమ్మంలో నిలబడి.

"ఒక డ్రమ్ము మాడిపోయింది." చొక్కా బకెట్లో ముంచుతూ తలెత్తలేదు. "ఈ మాస్కు. మూడు పొరలు కుట్టావు. వాసన ఎక్కణ్ణించి వస్తుంది?"

అత్తయ్య మాస్కు ఉడకబెట్టి, ఆరబెట్టి, సాయంత్రం బ్లేడుతో అంచు కుట్లు విప్పి ఒక పొర తీసేసింది. మర్నాడు మామయ్య భయంతో ముందే డ్రమ్ము తలుపు తీశాడు. గింజలు పచ్చిగా ఉండిపోయాయి. షావుకారు అన్న మాట మెట్ల దగ్గర అత్తయ్యకు చెబుతుంటే నాకు వినిపించింది.

"ఇంకోసారి ఇలా అయితే వేయించిన గింజలే బయటినుంచి తెప్పించుకుంటానన్నాడు. వెనక గదితో ఇక పనేముంది ముక్కుగారూ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"ఇంకో పొర తీసెయ్యనా?"

మామయ్య మాస్కు విప్పి బకెట్లో వేశాడు. "తీసెయ్," అన్నాడు.

తీసిన రెండు నీలం ముక్కలూ అత్తయ్య కుట్టుపెట్టెలో పడేసింది. గుడ్డ పీలిక కూడా పారేయదావిడ. మాస్కు పల్చటి రుమాలులా వేలాడింది. శుక్రవారం మామయ్య గింజలు పగలడం చెవితో విని, మనసులో అంకెలు లెక్కపెట్టి తలుపు తీశాడు. అదృష్టం కొద్దీ కుదిరింది. ఇంటికొచ్చి, "ఇప్పుడు బాగా తెలుస్తోంది," అన్నాడు. అత్తయ్య ఊపిరి పీల్చుకుంది. మాస్కుదే తప్పని ఇంట్లో అందరం నమ్మాం.

ఆ సాయంత్రం అత్తయ్య, వాగుడుకాయ డాబా మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళారు. నేను అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని సీసా మూత తీశాను. మామయ్య గడప మీదే ఉన్నాడు. ఒక మోకాలు అయింది. రెండోది మొదలుపెట్టాను.

"ఏరా, ఇవాళ తిట్టవేం?" అంది అమ్మమ్మ.

"ఏం తిట్టను?"

"కంపు కొట్టట్లేదా?"

మామయ్య నా చేతిలో సీసా వైపు చూశాడు. మూత తీసి ఉందని అప్పుడే గమనించినట్టున్నాడు. "అలవాటైపోయిందే అమ్మా," అన్నాడు.

అమ్మమ్మ మొహం విప్పారింది. "విన్నావటే? ఇన్నాళ్ళకు అలవాటైందట దొరగారికి. అయితే నువ్వే రా. ఈ పిల్ల చేతుల్లో బలం లేదు, మూడు వారాలుగా మోకాళ్ళు కొయ్యబారిపోయాయి."

"గీత ఉంది కదే."

"గీసినావిడ డాబా మీదుంది. రా, ఒక్క ఐదు నిమిషాలు."

రాకపోతే ఎందుకు రావు అని అడుగుతుందనుకున్నాడో, రావాలని ఆయనకూ ఉందో. లేచి వచ్చాడు. నేను పక్కకు జరిగాను. ఇంట్లో ఉన్నప్పుడు ఎవరం మాస్కులు పెట్టుకునేవాళ్ళం కాదు. అదివరకు నూనె రాసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని రాసేవాడు. ఆ రోజు తిప్పుకోలేదు. మంచం మీద వంగి, అమ్మమ్మ చెప్పే మాటలన్నీ వింటూ, రెండు మోకాళ్ళూ పిక్కలదాకా రాశాడు. ఐదు నిమిషాలు కాస్తా పావుగంట అయింది. అమ్మమ్మ చేయి చాపి ఆయన జుట్టు సవరించింది, "క్షవరం లేక ఎలుగుబంటిలా తయారయ్యావు," అని. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించగానే మామయ్య గడప దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. అమ్మమ్మ నా వైపు చూసి కన్ను కొట్టింది. నేను సీసాకు మూత బిగించాను.

తర్వాతి వారమంతా మామయ్య కొట్లో అంకెలు లెక్కపెడుతూనే నెట్టుకొచ్చాడు. ఆ వారం శనివారం అమ్మమ్మకు జ్వరం వచ్చింది. సోమవారానికి ఆయాసం. తెల్ల దుస్తుల్లో మొహాలు కనపడకుండా ఇద్దరు వచ్చి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి రెండంతస్తులు మోసుకుపోయారు. నూనె సీసా తీసుకెళ్తానంది. వద్దన్నారు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, "గీత గీశాను, అన్నీ చూశాను, ఎక్కణ్ణించి వచ్చింది అత్తమ్మా?" అంటోంది.

"ఆ కిటికీ పక్కన పడుకున్నానుగా అమ్మాయ్. గాలికి వచ్చి ఉంటుంది," అంది అమ్మమ్మ. ముక్క ముక్కగా అంది, ఊపిరి అందక. మామయ్య వెనక మెట్టు దిగబోతే చేయి అడ్డం ఊపింది, అక్కడే ఉండమని.

మంగళవారం మా తలుపుకు కాగితం అంటించారు. బయటికి రాకూడదు, ఎవరూ లోపలికి పోకూడదు. అదే రోజు ఆరోగ్యశాఖ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. అందరికీ వినిపించేలా పెట్టి నేను పట్టుకున్నాను.

"ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం ఉందాండీ?"

"లేదండీ."

"దగ్గు? ఒళ్ళునొప్పులు?"

"లేవండీ."

"వాసన గాని రుచి గాని తెలియకపోవడం?"

అత్తయ్య వంగి, "అదెందుకు అడుగుతున్నారండీ?" అంది.

"కొత్త ప్రశ్నండీ. నిన్ననే చేర్చారు. కొంతమందికి జ్వరం రాదట, ఇదొక్కటే వస్తుందట."

మేకుకు వేలాడుతున్న ఒంటిపొర మాస్కు మా అందరి కళ్ళ ముందే ఉంది. వాగుడుకాయ అంది, "నాన్నకు మాస్కులోంచి వాసన రాలేదుగా." ఎవరూ దాన్ని నోర్మూసుకోమనలేదు.

"ఎన్ని రోజులైందండీ?" అంది ఫోన్లో ఆవిడ.

మామయ్య నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "ఓ వారం," అన్నాడు.

అప్పటికి పదమూడు రోజులు. ఆ లెక్క ఆయన బయటపెట్టలేదు. మాకు తెలిసిన లెక్క వేరు. మాస్కు పొరలు తీసి దగ్గర దగ్గర రెండు వారాలు, వాసన పోయి వారం. అంటే పొరలు తీశాకే జబ్బు అంటుకుంది. అత్తయ్య వెళ్ళి కుట్టుపెట్టె తెరిచింది.

పరీక్షల్లో మామయ్యకు, అత్తయ్యకు, నాకు జబ్బు ఉందని తేలింది. మాకు రెండు రోజులు ఒళ్ళు వేడెక్కి తగ్గింది. వాగుడుకాయకు ఏమీ కాలేదు. శుక్రవారం పొద్దున పది గంటలకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అవతలి గొంతు అమ్మమ్మ పేరు చదివి, వయసు చదివి, మామయ్య ఏమవుతారో అడిగి, తర్వాత చెప్పింది. మమ్మల్ని రావద్దంది. తలుపు మీద కాగితం అలాగే ఉంది. దహనానికి ఎక్కడికి తీసుకెళ్ళారో, ఎవరు తీసుకెళ్ళారో ఆ తర్వాత ఇంకో కాగితంలో వచ్చింది.

ఇల్లు అలాగే నడిచింది. మెట్ల మీద పెట్టిపోయిన సరుకులు తెచ్చుకోవడం, వండుకోవడం, గిన్నెలు కడుక్కోవడం. మామయ్య ఏం తిన్నా గుడ్డ నములుతున్నట్టు తినేవాడు. గీతను ఎవరూ తుడవలేదు. ఊడ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చెరిగింది.

అత్తయ్య మిషను ముందు కూర్చునేది గాని తొక్కేది కాదు. కుట్టుపెట్టెలోంచి ఆ రెండు నీలం ముక్కలు తీసి ఒళ్ళో పెట్టుకునేది. వాటి అంచుల్లో కుట్టు రంధ్రాలు ఇంకా కనిపించేవి.

"ఈ రెండూ ఉంచి ఉంటే," అనేది. "నా చేత్తో నేనే తీశాను. ఆవిడ మీద ఎంత జాగ్రత్త పడి, చివరికి బ్లేడు పెట్టి నేనే తీశాను."

మామయ్య వంటింట్లోంచి వినేవాడు. ఒక రోజు కాదు. తొమ్మిది రోజులు విన్నాడు.

పదో రోజు మధ్యాహ్నం అందరం అన్నాల ముందు కూర్చున్నాం. అత్తయ్య వడ్డిస్తూ మళ్ళీ మొదలుపెట్టింది. మామయ్య కంచంలోంచి చేయి తీసేశాడు.

"పొర తీయకముందే పోయింది," అన్నాడు.

అత్తయ్య చేతిలో గరిటె ఆగింది.

"ఆ బుధవారం పొద్దున. డ్రమ్ము మాడిన రోజు. డబ్బా మూత తీశాను, ఏమీ లేదు. ఉందని చెప్పాను. తర్వాత నువ్వు పొరలు తీస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. ఫోన్లో వారం అని చెప్పింది కూడా అబద్ధమే. నీ చేతిలో ఏమీ లేదు."

అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టింది. "తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"రోజూ కళ్ళు మూసుకుని పీల్చి, తెరిచి, ఉంది అంటారు. ఆ రోజు అసలు కళ్ళు మూయలేదు. డబ్బాలోకి చూస్తూ అన్నారు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను."

మామయ్య ఆవిడ వైపు తిరిగాడు. "మరి అడగలేదేం?"

"అడిగితే లేదంటారని. ఆ ముక్కు లేకపోతే మనకేముంది? సాయంత్రం మీరు మాస్కు అన్నారు. మాస్కేలే అనుకున్నాను. ఫోన్లో వారం అన్నారు. వారమేలే అనుకున్నాను."

"ఇన్నాళ్ళూ పొరలు పొరలు అని ఏడిచావు కదే."

"మీరెప్పుడు చెబుతారా అని."

"ఏం చెప్పాలమ్మా?" అంది వాగుడుకాయ. అత్తయ్య దాని కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. మామయ్య చేయి కడుక్కోవడానికి లేచాడు. సబ్బుతో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కడుక్కున్నాడు. పంపు కట్టేశాక కూడా అక్కడే నిలబడ్డాడు.

ఆ శుక్రవారం సాయంత్రం ఆయన గీత దాటిన సంగతి ఆ రోజు కూడా ఆయన చెప్పలేదు. చూసింది నేనొక్కదాన్నే. నేనూ చెప్పలేదు.

తలుపు మీద కాగితం తీసేశాక మామయ్య కొట్టుకు వెళ్ళాడు. షావుకారు నష్టపోయినవాడే. అయినా పొమ్మనలేదు. వేయించిన గింజలు బయటినుంచి తెప్పిస్తున్నాడు. డ్రమ్మును పాత ఇనుముకు అమ్మేశాడు, వెనక గదిలో అట్టపెట్టెలు పెట్టుకున్నాడు. ముక్కుగారూ అని పిలవడం మాత్రం మానేశాడు. పేరు పెట్టి పిలుస్తున్నాడు. మొదట్లో మామయ్య రెండోసారి పిలిస్తే గాని పలికేవాడు కాదట.

వాసన కొన్ని నెలల్లో రావచ్చని ఒక డాక్టరు చెప్పాడు, రాకపోవచ్చని ఇంకొకాయన. రాలేదు. అమ్మమ్మ నూనె సీసాలో సగం ఇంకా ఉంది. ఒకసారి మామయ్య దాని మూత తీసి, కళ్ళు మూసుకుని, చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకోవడం చూశాను. ఏమీ అనకుండా మూత పెట్టేశాడు.

ఇప్పుడు ఆయన కొట్టు ముందు వైపు కూర్చుని కాఫీపొడి పొట్లాలకు సీలు వేస్తాడు. పొద్దున లేవగానే మొహం కడుక్కుంటాడు. రేకు డబ్బాలో అత్తయ్య గుండీలు పోసుకుంది.